ధౌలా కువాన్: దారి నడుమ మజిలీ

ఢిల్లీలో విమానము దిగి నగరమునకు పోవువారిలో అనేకులు ధౌలా కువాన్ మీదుగానే పోవుదురు గాని, ధౌలా కువాన్ చూచితినని చెప్పినవాడు నా కింతవరకు తారసపడలేదు. గుర్‌గావ్ వైపునుండి వచ్చు జాతీయ రహదారియు, నగరమును చుట్టివచ్చు రింగురోడ్డును అచ్చట కలిసికొని, ఒకదానిపై నొకటిగా వంతెనలై మెలికలు తిరిగి, మరల వేర్వేరు దిక్కులకు విడిపోవును. ఒక వైపున కంటోన్మెంటు. ఒక వైపున ఆరావళీ పర్వతపంక్తి చివరి కొస యగు రిడ్జి యడవి. వేరొక వైపున విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణమును, దాని నంటి మన తిరుమల తిరుపతి దేవస్థానమువారి కళాశాలయు. వీని నడుమ రేయింబవళ్లు తెగని వాహనప్రవాహము. చూడదగినవానిని దాటుకొని, చూడదగిన వేరొక చోటికి పరుగిడు జనులు వీక్షించుటకు తీరికలేని స్థలమిది. అందుచేతనే దీనిని నా యాత్రకు గమ్యముగా నెన్నుకొంటిని.

కెమెరాతో దేశాటనము చేయువారి కీ కాలమున నొక దురవస్థ గలదు. తాజమహలు నెదుట ఏ తిన్నెపై కూర్చుండవలెనో, ఈఫిలు గోపురమును ఏ మెట్లమీదనుండి చూడవలెనో, పెరూ దేశపు మాచూపిచ్చూ శిథిలములకు ఏ మిట్ట యనుకూలమో, మనకు ముందు వచ్చిన లక్షలాది జనులు నిర్ణయించి పోయినారు. మనము పోయి వారి యడుగులలో నడుగులుంచి, వారు తీసిన చిత్రమునే మరల తీసికొని వత్తుము. ఆ చిత్రములు చెడ్డవని నా భావము గాదు; సౌందర్యము వేయిమారులు చూచినను సౌందర్యమే. కాని యా చిత్రము తీసినవానిని, ఆ రాయి యే కొండది, ఆ చెట్టు పేరేమి, ఆ చోట నీరెచ్చటినుండి వచ్చునని యడిగినచో సమాధానము రాదు. చూపు కెమెరా కప్పగించి, తెలిసికొనుట మానివేసితిమేమో యను వ్యథ నన్ను చాలకాలమునుండి బాధించుచున్నది.

కళాశాల కెదుటనున్న సత్యనికేతన్ అను పేటలో, విద్యార్థుల వసతిగృహములును భోజనశాలలును క్రిక్కిరిసిన వీధిలో, మా మేనల్లుడు కాపురముండెను. నా సంకల్పము విని యతడు విస్తుపోయెను. "మావయ్యా, ఇక్కడ ఫోటో తీయడానికి ఏముంది? పొద్దున్నే కుతుబ్‌మినార్‌కు వెళ్దాం, సాయంత్రం హుమాయూన్ సమాధి చూపిస్తాను, రండి" అనెను. ఆ రెంటిని నేను పూర్వమే చూచియుంటిననియు, ఈ మారు అతని గుమ్మమునుండి నడచి చేరగలిగినంత మేర చూచుటకే వచ్చితిననియు చెప్పితిని. కుర్రవాడు మంచివాడు, మారు మాటాడక తెల్లవారుజామున టీ కాచి యిచ్చి, తలకు మఫ్లరు చుట్టి నన్ను సాగనంపెను.

అది ఫాల్గుణమాసము. ఢిల్లీ చలి సగము వీడి, పొగమంచు చెదరి, బాటల వెంబడి బూరుగు చెట్లు ఆకులు రాల్చి ఎర్రని దళసరి పువ్వులతో నిండియుండెను. మన ప్రాంతమున ఆ వేళకు ఎండ నెత్తిమీదకు వచ్చి నీడలు కుదించుకొనిపోవును. అచ్చట సూర్యుడింకను దక్షిణమున వాలియుండుటచేత వెలుతురు చాలసేపు ఏటవాలుగా పడి, ప్రతి రాతి గరుకును, ప్రతి ఆకు అంచును విడివిడిగా చూపును. గాలిలోని సన్నని ధూళి ఆ వెలుతురునకు పసుపువన్నె నొసగును. చిత్రకారునకు ఇంతకన్న అనుకూలమగు ఋతువు ఉత్తరదేశమున లేదని చెప్పవచ్చును.

రిడ్జి యనునది చూపునకు పెద్ద కొండ గాదు. బాటప్రక్కనే లేచిన రాతిమిట్ట. అయినను ఆ రాతి వయస్సు నూరుకోట్ల సంవత్సరములకు పైబడినది. హిమాలయములు దానికి నిన్న మొన్నటి శిశువులు. ఎర్రచారలుగల ఆ స్ఫటికశిల అరచేత తాకిచూచితిని. వేకువ చల్లదనము రాతిలో నిలిచియుండెను, పగుళ్లలో చీమలు మాత్రము అప్పుడే పనికి బయలుదేరినవి. సదర్‌బజారు దక్షిణపు టంచునుండి ధౌలా కువాన్ వరకు వ్యాపించిన యీ మధ్యభాగమును 1914లో రక్షితారణ్యముగా ప్రకటించిరి. దాని వైశాల్యము 864 హెక్టార్లు. మహానగరపు నడిబొడ్డున ఇంత యడవి మిగిలియుండుట లోకమున అరుదగు విషయము.

ఆ పచ్చదనమును దూరమునుండి చిత్రించిన, చూపరులు అది యనాదియైన కీకారణ్యమనుకొందురు. దగ్గరకు పోయి చూతును గదా, నూటికి ముప్పాతికపాళ్లు మన సర్కారు తుమ్మయే! పల్నాటనో ప్రకాశము జిల్లా బీళ్లలోనో, చెరువుగట్ల పైననో చూచి చూచి విసిగిన యా ముండ్లచెట్టును, ఇచ్చటివారు విలాయతీ కీకర్ అందురు. ఢిల్లీని రాజధానిగా నిర్మించు కాలమున, రాతినేలను త్వరగా పచ్చగా కప్పవలెనని తెల్లదొరలు మెక్సికో మున్నగు అమెరికా భూములకు చెందిన ఆ చెట్టును నాటించిరి. అది వేరు దన్ని, స్థానికమైన మొక్కలకు నీరును నీడయును దక్కనీయక, యడవినంతయు నాక్రమించినది. ఇందొక వింత గలదు: ఆ చెట్ల ప్రక్కగా సాగు బాట పేరు బెనిటో హువారెస్ మార్గము. ఆయన పందొమ్మిదవ శతాబ్దమున మెక్సికో దేశమును విదేశీయుల పెత్తనమునుండి విడిపించిన మహానాయకుడు. ఆ దేశపు చెట్టును ఆ దేశపు నాయకుని పేరును ఈ రాతిమిట్టచెంత ఒకదాని కొకటి తెలియకయే చేరినవి. నేనచ్చట తీసిన చిత్రము అందమైనదే. కాని యీ సంగతి తెలియనివాడు దానిని చూచి, పచ్చని యడవి యని మెచ్చుకొని మోసపోవును. వెలుతురును గురించి కెమెరా అబద్ధమాడదు, చరిత్రను గురించి మాత్రము నోరు విప్పదు.

ఆ తుమ్మల నడుమనే నెమళ్లు గలవు. కూత మొదట వినబడెను; పిదప ప్రహరీగోడమీదికి ఒక మగనెమలి ఎగిరివచ్చి, బాట మీది బస్సుల రొదను లెక్కచేయక, మెడ సారించి నిలిచెను. శీతకాలమునకు ముందు రాలిన పింఛము మరల పెరిగి నిండుగానున్నది. కొంతసేపటికి గోడ దిగి, ఆవలి మైదానమున నున్న పెంటికొరకు పురివిప్పెను. నేను దాని వెనుకవైపున నుంటిని. లేచి ముందునకు పోయిన బెదరునని కదలక అచ్చటనే కూర్చుంటిని. నెమలిని అందరును ముందునుండియే చూతురు, పటములలోను దేవాలయ శిల్పములలోను అట్లే యుండును. వెనుకనుండి చూచిన అది వేరొక పక్షి. పొడుగు ఈకలు నిజమునకు తోక గాదు, వీపు చివరనుండి మొలిచినవి; అసలు తోక వాని వెనుకనుండు పొట్టియైన గట్టి యీకల వరుస, అదియే యా మహాభారమును నిలువబెట్టి మోయుచుండును. దాని క్రింద బూడిదరంగు నూగు, ఇరుప్రక్కల ఇటుకరంగు రెక్కలు. ఈకల కాడలు వణకినప్పుడు ఎండుటాకులు రాలినట్లు గలగల మను సన్నని ధ్వని. పెంటి ఒక్కమారు తలయెత్తి చూచి గింజలేరుకొనుటకు పోయెను. ఆ యాత్రలో నేను తీసిన చిత్రములలో నాకు మిక్కిలి ప్రియమైనది, ఆ తోకను చూపు వెనుకటి చిత్రమే.

కోతుల ముచ్చట కూడ చెప్పవలెను. రిడ్జి బాటలలో మంగళవారమున భక్తులు కార్లాపి వానికి అరటిపండ్లు పంచుచుందురు. మన తిరుమల కొండపైనను, శ్రీశైలముననుండు కోతికి తలపై పాపిడి తీసి దువ్విన టోపీవలె వెండ్రుకలుండును, తోక చాల పొడుగు. ఇచ్చటి కోతికి ఆ టోపీ లేదు, తోక పొట్టి, నడుము వెనుకభాగము నారింజవన్నె. చిరకాలమునుండి ఈ రెండు జాతులకు గోదావరీ నదియే స్థూలముగా సరిహద్దని ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనము ఒకే భక్తితో ఇరుతావుల ఆంజనేయునికి పండ్లు సమర్పింతుము, వానిని భుజించు కోతులు మాత్రము వేరువేరు. పండ్లు పంచు నొక వృద్ధురాలి చిత్రము తీయుటకు అనుమతి వేడగా, ఆమె ముసుగు సవరించుకొని, చేతి పండొకటి నాకును ఇచ్చి, తినుచుండగా తీయుమని సైగ చేసెను.

ఇదే యడవిలో, తుమ్మల మరుగున, మాల్చామహల్ అను పాడుపడిన కట్టడము గలదు. పదునాలుగవ శతాబ్దమున తుగ్లక్ సుల్తానుల కాలమున వేటకై వచ్చువారి విడిదిగా దానిని గట్టిరి. మృగములను జంపి గర్వించిన చోటనే, నేడు మృగము కనబడిన చాలునని మనము గంటలకొలది వేచియుందుము. ఈ మార్పును తెచ్చినవారిలో చాంపియన్ అను అటవీశాఖాధికారిని స్మరింపవలెను. ఆయన శివాలిక్ ప్రాంతపు టడవులలో, పులి నడచు దారి కడ్డముగా సన్నని తీగ గట్టి, దాని కాలు తగిలినంతనే కెమెరా తనంత తానే పనిచేయునట్లమర్చి, రాత్రివేళల పులుల చిత్రములు తీసి, 1927లో గ్రంథముగా ప్రకటించెను. తుపాకికి మారుగా కెమెరాను పట్టిన యా అధికారి, పులి యే దారిన ఏ వేళకు వచ్చునో ముందుగా నేర్చుకొనవలసివచ్చెను. ఆ నేర్పు లేనిచో తీగ యెచ్చట గట్టవలెనో తెలియదు.

ధౌలా కువాన్‌లో కెమెరాకు స్వేచ్ఛ తక్కువ. కంటోన్మెంటు గోడల వెంబడి, చిత్రములు తీయరాదని ఫలకములు వ్రాసియుందురు. ఒక ద్వారము చెంత, గోడ పైకొమ్మన కూర్చున్న గద్దను చూచి నేను నిలువగా, కాపలా జవాను వచ్చి, "బాబూజీ, ఇచ్చట వద్దు" అని మృదువుగా వారించెను. నేను కెమెరాను సంచిలో పెట్టితిని. అతడు నే నెచ్చటివాడనని యడిగి, ఆంధ్రుడనని విని, తాను సికింద్రాబాదులో కొంతకాలముంటిననియు, అచ్చటి పచ్చి మిరపకాయ బజ్జీని మరువలేదనియు చెప్పి నవ్వెను. ఆ గద్దను ఇద్దరమును కలిసి వట్టి కన్నులతో చాలసేపు చూచితిమి. తారుబాట వేడెక్కినకొలది పైకిలేచు గాలి నాసరా చేసికొని, రెక్క కదల్పక అది చుట్లు తిరుగుచు పోయెను.

ఆకలి గొన్నవానికి బస్‌స్టాండు దగ్గర రామ్‌లడ్డూలు దొరకును. పేరు విని మిఠాయి యనుకొనరాదు. పెసరపప్పు రుబ్బి నూనెలో వేయించిన మన పునుగులే యవి. తేడా యంతయు పైన చల్లు దానిలో నున్నది: తురిమిన తెల్లముల్లంగి గుప్పెడు, దానిపై కొత్తిమీర పుదీనాల పచ్చడి. వేడి పునుగును చల్లని ముల్లంగియు ఒక్కమారే నోట పడుట మన వంటలో నేనెరుగని రుచి. ప్రక్క బండివాడు నిప్పులపై కాల్చిన చిలగడదుంపలను చెక్కుదీసి, ముక్కలు గోసి, నిమ్మరసమును మసాలాపొడియు చల్లి దొన్నెలో నిచ్చును. మనము బెల్లముతో తీపి జోడించు దుంపకు వీరు పులుపును కారమును జోడింతురు. డబ్బు ముందుగా నిచ్చిన పుచ్చుకొనడు. తిని, బాగున్నదనిన తరువాతనే చేయి చాచును.

ఆ ప్రదేశమునకు పేరిచ్చిన బావి, ఝీల్ పార్కు అను ఉద్యానమున నున్నది. అందలి తెల్లని యిసుకవలన ఆ పేరు వచ్చినదనియు, మొగలు చక్రవర్తి రెండవ షా ఆలం కాలమున దానిని త్రవ్వించిరనియు చెప్పుదురు. ఆ చక్రవర్తి అధికారము ఢిల్లీ పొలిమేర దాటని దీనకాలమది. కాని బాటసారులకు బావి త్రవ్వించుటకు సామ్రాజ్య మక్కరలేదు. ఉదయపు నడకకు వచ్చినవారు దాని ప్రక్కగా పోవుచుండిరి. ఒక తోటమాలిని దారి యడుగగా, పని మాని తానే వచ్చి చూపి, "దీనికి ఫోటోనా?" అని ఆశ్చర్యపడెను. వెలుతురు చాలక చిత్రము సరిగా రాలేదు. అయినను, లక్షలమంది నోట నానుచున్న పేరుకు మూలమైన దానిని కన్నులార చూచితినను తృప్తి దక్కినది.

ఇచ్చట నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు తలపునకు వచ్చిరి. ఆయన 1830లో చెన్నపట్టణమునుండి పల్లకీలో కాశికి బయలుదేరి, మరుసటి యేట తిరిగివచ్చిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడెను. పారిసు నగరమున దగెర్ ఛాయాచిత్ర విధానము లోకమునకు వెల్లడియైనది 1839లో. అనగా మన తొలి గొప్ప యాత్రాగ్రంథము కెమెరాకంటె ఒక్క యేడు పెద్దది. చూచినదానిని చూపించుటకు వేరు సాధనము లేదు గనుక, వీరాస్వామయ్యగారు ప్రతి మజిలీయందును నీళ్లెట్టివి, నీడ గలదా, అంగళ్లలో ఏ పదార్థములు దొరకును, ఊరివారి నడత యెట్టిదని విచారించి వ్రాసికొనిరి. మనకిప్పుడు కెమెరా యున్నది, మజిలీ పోయినది. బాట వేగమైనకొలది, బావుల చెంత నిలుచువారు లేకపోయిరి.

కెమెరా వచ్చిన పిదపను మజిలీ విడువనివా రుండిరి. మీరట్టు సమీపమున సర్ధనాలో 1844లో పుట్టి, ఆరవ నిజాము కొలువున చిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, హైదరాబాదును తన నగరముగా జేసికొన్న రాజా దీనదయాళు అట్టివాడు. ఆయన తొలుత ప్రజాపనుల శాఖలో పటములు గీయువాడు; గోడ మందము, కమాను వంపు కొలిచిన కన్నులతో మధ్యభారతపు కోటలను, దేవాలయములను చిత్రించుటచేత, ఆ చిత్రములు నేటికిని కట్టడములను గురించి సాక్ష్యము పలుకుచున్నవి. బరువైన పెట్టెలను, గాజుపలకలను మోయించుకొని పోవుటచేత, ఒక్కొక్క పలకకు ముందు యోచింపక తప్పదు. ఆయన గాజుపలకలు 2857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 1989లో సంపాదించి భద్రపరచిరి. ధౌలా కువాన్‌నుండి అచ్చటికి కొలది దూరమే. మన సికింద్రాబాదు స్టూడియో వెలుతురు ఆ గాజులలో నిలిచియున్నదని తెలిసి, ఆ వీథిన పోవునప్పుడెల్ల నాకు బంధువులయింటి ముందు పోవుచున్నట్లుండెను.

రింగురోడ్డు మీదనే మోతీబాగ్ గురుద్వారా గలదు. 1707లో గురు గోవిందసింగు ఢిల్లీకి వచ్చినప్పుడు అచ్చట విడిసెనని సిక్కుల విశ్వాసము. మరుసటి యేట ఆయన మన గోదావరి యొడ్డుననే, నాందేడులో దేహము చాలించెను. తలపై రుమాలు కట్టుకొని లోనికి పోగా, ఒక వృద్ధ సర్దారు నా భుజమునున్న కెమెరాను చూచి, "ముందు భోజనము చేయుడు, చిత్రము తరువాత" అని పంక్తిలో కూర్చుండబెట్టెను. చాపపై పల్లెము పెట్టి, రెండు చేతులు చాచినవానికే రొట్టె వేయుదురు. ఒంటిచేయి చాచిన నా పొరపాటును వారు నవ్వుతో దిద్దిరి. నాందేడు మాట చెప్పినంతనే ఆయన కన్నులు చెమర్చెను; గోదావరి నీరు తాను త్రావితిననెను.

ఇక కళాశాల. దేవస్థానమువారు 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల స్థాపనమునకు తోడ్పడినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముఖ్యులు. రాజమహేంద్రవరమున జన్మించి, బాల్యముననే హిందీ పాఠశాల నడిపి, ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగి, రాజ్యాంగసభలో కూర్చున్న యా వీరనారి పేరు, కళాశాల ప్రక్కన 2018లో తెరువబడిన మెట్రో స్టేషనునకు పెట్టిరి. అచ్చటినుండి ధౌలా కువాన్ స్టేషనునకు పొడవైన నడకవంతెన గలదు. ఆ వంతెనపై సాయంకాలము నిలిచితిని. క్రింద కార్ల దీపములు, ఎదుట రిడ్జి నల్లబడిన యంచు, మెట్రోలో ఒక స్త్రీకంఠము దుర్గాబాయమ్మ పేరును ప్రకటించుట. ప్రతిదినము వేలకొలది ఉత్తరాదివారు ఆ పేరు విని దిగుదురు, ఎక్కుదురు. వారిలో కొందరైనను ఆమె యెవరని విచారింతురు గాక.

వంతెనమీదనే ఇద్దరు తెలుగు విద్యార్థులు నా మాట విని దగ్గరకు వచ్చిరి. వారికి నా చిత్రములు చూపి వాని సంగతులు చెప్పితిని. ఇద్దరిలో కాకినాడ పిల్ల చొరవ గలది. "మాస్టారూ, మూడేళ్లుగా ఇక్కడే చదువుతున్నాను, ఈ నెమలి తోక సంగతి నాకు తెలీదండీ. ఫోటోలు పంపిస్తారా?" అనెను. ఇంటికి చేరి వానిని కాగితముపై అచ్చు వేయించి, ప్రతి పటము వెనుకను తెలిసినంత వ్రాసితిని: సర్కారు తుమ్మ జన్మదేశము, రిడ్జి రక్షితారణ్యమైన సంవత్సరము, కోతి జాతి, బావికి చెప్పుకొను కథ, పండిచ్చిన యవ్వ యనుమతి. వేసవి సెలవులలో ఆ పిల్లనుండి యొక పటము వచ్చెను. కోరింగ మడయడవి యది. వెనుక సన్నని అక్షరములతో, చెట్టు నల్లమడ యనియు, తీసినది ఆటు తీసిన వేళ యనియు, పడవ నడిపినవారు తాళ్లరేవు వారనియు, నీటిపిల్లి కనబడలేదు గాని ఒండ్రుపై దాని యడుగులు కనబడెననియు వ్రాసి, కార్తికమాసమున నన్ను తప్పక రమ్మని తలిదండ్రులు చెప్పిరని చేర్చినది. వెళ్లుటకు నిశ్చయించుకొంటిని; పోటు పాటుల వేళలు తెలుపుమని జాబు వ్రాసితిని.